పళ్లు పోయేలోగా ఒక ఫొటో

మా అత్తగారు కోటమ్మ గారిది మంచి ముక్కు. సూటిగా వచ్చి చివర కాస్త వంగి, ఎడమ పక్క తెల్లరాయి ముక్కుపుడకతో ఆ మొహానికి సరిగ్గా అమరింది. మా ఆయన కెమెరాలో పడేసరికి మాత్రం అది గుత్తివంకాయంత అయ్యేది. ఫొటో చేతికి ఇవ్వగానే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వెలుతురుకి తిప్పి చూసి, "ఎవరిదిరా ఈ ముక్కు?" అని నిలువునా చింపేది.

మా ఆయన ఈశ్వరప్రసాద్ గారు ఎయిర్‌ఫోర్సులో వారంట్ ఆఫీసర్. విమానాల్లో ఎత్తూ వేగం చూపించే మీటర్లు బాగుచేసే పని. పెళ్లికి ముందు ట్రైనింగు కోసం రష్యా పంపిస్తే, తోటివాళ్లంతా గడియారాలూ ఉన్ని కోట్లూ తెచ్చుకున్నారు, ఈయన జోర్కీ కెమెరా తెచ్చుకున్నారు. దాని పద్ధతే వేరు. చూడాల్సింది లెన్సులోంచి కాదు, పైన ఉన్న చిన్న కిటికీలోంచి. అందులో ఎదుటివాళ్ల మొహం రెండుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. ఆ రెండు మొహాలూ కలిసేలోపు మా ఇంట్లో ఎన్ని నవ్వులు ఆరిపోయాయో చెప్పలేను.

ఇది 1993 చలికాలం సంగతి. పాలం దగ్గర ఎయిర్‌ఫోర్స్ క్వార్టర్లలో కింది వాటా మాది. వెనకాల చిన్న పెరడు, అందులో మధ్యాహ్నం దాకా ఎండ. మా అమ్మాయి హరిత తొమ్మిదో తరగతి చదువుతోంది. మనం తెలుగులో అడిగితే అది హిందీలో చెప్పేది, నాయనమ్మ ఆ హిందీకి పల్నాటి తెలుగులో తిట్టేది, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

ముందుగది గోడకి మా మామగారు సుందరరామయ్య గారి ఫొటో ఉండేది. ఫొటో అనడానికి లేదు. ఆయన బతికుండగా ఎవరూ ఆయన్ని విడిగా ఫొటో తియ్యలేదు. ఏదో పెళ్లిలో వెనక వరసలో నిలబడితే, సగం మొహం ముందువాడి తలపాగా చాటున పడింది. ఆయన పోయాక ఆ సగాన్నే పెద్దది చేయించారు. మిగతా సగం నరసరావుపేట స్టూడియోలో పెయింటరు తన ఊహకొద్దీ పూర్తి చేశాడు. ఊహ కాస్త ఎక్కువై, మెలితిప్పిన మీసాలు కూడా పెట్టాడు. "మీ మామకి ఉన్నయ్యి పిల్లి మీసాలమ్మాయ్. ఈయనెవరో పోలీసు జమేదారు," అనేది మా అత్తగారు. అంటూనే రోజూ పొద్దున ఆ జమేదారుకి బొట్టు పెట్టి దండం పెట్టుకునేది.

అక్టోబరు నుంచి ఆవిడకి చిగుళ్లు వాచి, రాత్రింబవళ్లు సలపరం. కంటోన్మెంటు ఆసుపత్రిలో పళ్ల డాక్టరు చూసి, మిగిలినవన్నీ తీసేయాల్సిందే అన్నాడు. చిగుళ్లు మానాక, మూడు నాలుగు నెలలకి సెట్టు కడతారట. డిసెంబరు చివర్లో రమ్మన్నాడు. ఇంకో చోట చూపిద్దామా అని మా ఆయన అడిగితే, "ఏ రాయైతే ఏందిరా పళ్లూడగొట్టుకోటానికి," అని కొట్టిపారేసింది. ఇంటికొచ్చి టీ తాగుతూ, గోడకేసి చూస్తూ చెప్పింది.

"ఈశ్వరా, ఈ పళ్లు పోయేలోగా నాకొక ఫొటో తియ్యరా. మంచిది."

"పళ్లదేముంది అత్తయ్యా, సెట్టు వస్తుందిగా," అన్నాను.

"సెట్టు పెట్టిన మొహం నాదెట్టా అయిద్ది? రేపు నేను పోయినాక గోడ మీద ఎవరినో పెట్టి దండేస్తారు. ఆయన్ని చూళ్లా? పాతికేళ్ల నుంచీ ఎవరో మగాడికి దండం పెడతన్నా. నాకట్టా వొద్దు. నా మొహం నాకు కావాలి."

నవ్వుతూనే అంది. కానీ కళ్లు గోడ మీది పటం నుంచి తిప్పలేదు. మా ఆయన టీ తాగడం ఆపేశారు. అమ్మ నోరు తెరిచి ఆయన్ని అడిగింది జీవితంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు లెన్సు పాఠం మొదలైంది. కెమెరాతో వచ్చినది మామూలు లెన్సు. దాంతో మొహం నిండుగా రావాలంటే మనిషి మీదికి వెళ్లిపోవాలి. మీదికి వెళితే ఏది ముందుంటే అది పెద్దదవుతుంది. "మొహంలో అన్నిటికంటే ముందుండేది ఏది?" అని అడిగారు. నేను చపాతీ వడ్డిస్తూ, "నోరు," అన్నాను. ఆయనకి నచ్చలేదు. మొహాల కోసమే ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు ఉంటుందట. దాంతో దూరంగా నిలబడే మొహం నిండుగా తియ్యొచ్చు, ముక్కు ముక్కులాగే ఉంటుంది.

చాందినీ చౌక్‌లో ఒక కొట్లో జర్మనీ లెన్సు ఉందంటే వెళ్లి, చేతిలో పట్టుకుని, ధర విని, దేవుడికి పెట్టినట్టు దండం పెట్టి వచ్చేశారు. ఎవరో పహాడ్‌గంజ్ వెళ్లమన్నారు. ఆ రోజుల్లో రష్యా నుంచి మనుషులు సంచులకొద్దీ సామాను తెచ్చి అక్కడ అమ్మి, ఇక్కడి తోలు కోట్లు మూటలు కట్టుకుని పోయేవాళ్లు. ఆదివారం నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు.

ఒక హోటలు మెట్ల పక్కన దుప్పటి పరిచి గలీనా అనే ఆవిడ కూర్చుంది. నా వయసే ఉంటుంది. గడియారాలు, బైనాక్యులర్లు, ఒక ఇస్త్రీపెట్టె, వాటి మధ్య ఎనభై అయిదు లెన్సులు రెండు. ఒకటి పాతది, ఒంటినిండా గీతలు, అద్దం మీద కూడా వెంట్రుక గీతలు, రింగు తిప్పితే గట్టిగా కదిలింది. రెండోది తోలు తొడుగులో కొత్త పెళ్లికూతురులా ఉంది. మా ఆయన తనకొచ్చిన రష్యన్ అంతా బయటికి తీశారు. ఇరవై ఏళ్ల కిందటి భాష, సగం తుప్పు పట్టింది. గలీనా నవ్వు ఆపుకుంది.

రెండు లెన్సులూ కెమెరాకి బిగించి చూశారు. రెండూ చక్కగా మర ఎక్కాయి. గలీనా మా కెమెరాని వేలితో చూపించి, గీతల లెన్సుని ముందుకు తోసింది. మా ఆయన కొత్తదాన్ని అందుకున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఏదో గబగబా చెప్పి, మళ్లీ గీతలదాన్నే తోసింది.

"చూశావా, పాతది అంటగడుతోంది," అన్నారు మా ఆయన నాతో. "నువ్వేగా చెబుతావు, సరోజినీ నగర్‌లో బట్టల కొట్టువాడు ఏది ముందుకు తోస్తే దానికే చిరుగుంటుందని."

"ఆవిడ ఏమంటోందో సరిగా కనుక్కోండి."

"ఏమంటుంది? రష్యా సామానుకి ఒకటే సూత్రం ఉమా. మర పడిందా, మనదే."

అలా కొత్త పెళ్లికూతురు మా ఇంటికొచ్చింది.

ముందుగా ఒక రీలు వేసి పరీక్ష చేస్తానన్నారు. ఆయనకది నియమం. కుక్కర్ రబ్బరు మార్చినా ఉత్త నీళ్లు పోసి విజిల్ వేయించి చూస్తేగానీ బియ్యం పెట్టనివ్వని మనిషి. కానీ ఆ వారమే అత్తగారి దవడ బంతిలా వాచింది. డాక్టరు మందులిచ్చి, వాపు తగ్గగానే ఆలస్యం చెయ్యొద్దు, వచ్చే గురువారమే తీసేద్దాం అన్నాడు. మధ్యలో మిగిలింది ఒక్క ఆదివారం.

ఆ ఆదివారం అత్తగారు తలంటు పోసుకుని, వెంకటగిరి చీర కట్టుకుని, పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. వాపు పోయి మొహం తేటగా ఉంది. మా ఆయన కిటికీలోంచి చూస్తూ రింగు తిప్పారు. మళ్లీ తిప్పారు. ఆ రెండు మొహాలూ ఎక్కడివక్కడే ఉన్నాయట, దగ్గరికి రావడం లేదట.

"లెన్సు తేడానేమో," అన్నాను.

"లెన్సు కొత్తది. కెమెరా ముసలిదైంది, లోపల మీట పట్టేసి ఉంటుంది. దానికి మందుంది," అని లోపలికెళ్లి టేపు తెచ్చారు. కెమెరా దగ్గర్నుంచి అమ్మ ముక్కు కొస దాకా టేపు పట్టి కొలిచి, లెన్సు మీద అంకెలు చూసి ఆ దూరానికి పెట్టారు.

"జాకెట్టు కుడతావంట్రా ముక్కుకి?" అంది అత్తగారు.

ఎందుకైనా మంచిది, కెమెరాతో వచ్చిన లెన్సుతో కూడా రెండు తీసి ఉంచండి అన్నాను. ఆయన ఒప్పుకునేవారే, ఆవిడే పడనివ్వలేదు. "ఆ ముక్కు లెన్సు నా మొహాన పెట్టొద్దు. ఇదొక్కటే." ఇక రీలంతా దాంతోనే తీశారు. నవ్వుతూ, నవ్వకుండా, కొంగు కప్పుకుని, కప్పుకోకుండా, కాస్త పక్కకి తిరిగి. ఆవిడ అంత ఓపిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కిటికీలో అన్నీ స్పష్టంగానే కనిపించాయి. ఆ కిటికీ ఎప్పుడూ స్పష్టంగానే చూపిస్తుంది, లెన్సు ఏం చూస్తోందో దానికి తెలియదు.

గురువారం పళ్లు తీశారు. శనివారం ఫొటోలు వచ్చాయి.

ఒక్కటంటే ఒక్కటి సరిగా లేదు. అన్నిటిలోనూ తెల్లటి మబ్బు, మధ్యలో చామనచాయ మబ్బు. చీర అంచు ఎక్కడో, మనిషి ఎక్కడో తెలియదు. మా ఆయన ఆ కవరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అందామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసుకున్నాను. లోపలి గదిలో అత్తగారు నోట్లో దూది పెట్టుకుని పడుకుని ఉంది. చెప్పక తప్పలేదు.

ఆవిడ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. చింపలేదు. అది చూసి నాకు భయమేసింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

తరవాత మా ఆయన లెన్సు విప్పి, వరండాలో ఎండకి పట్టి చూస్తే సంగతి బయటపడింది. అది అదే కంపెనీవాళ్ల ఇంకో రకం కెమెరాకి, లెన్సులోంచి వచ్చే బొమ్మని లోపలి అద్దంలో చూసే జెనిట్‌కి చేసిన లెన్సు. మర ఒకటే. లోపల ఫిల్ముకీ లెన్సుకీ ఉండాల్సిన దూరం వేరు. జోర్కీకి బిగిస్తే గట్టిగా కూర్చుంటుంది, పని మాత్రం చెయ్యదు. రెండు మొహాలూ కలవనప్పుడే అది మొత్తుకుంది, వినలేదు. "ఆత్రగాడికి బుద్ధి మట్టు," అని తనే అన్నారు. మిగతా సామెతలు నేను మిగుల్చుకున్నాను.

పాత నెగెటివులు డబ్బాలో ఉన్నాయి కదా, వాటిలోంచి ఒకటి తీద్దామని మెల్లిగా కదిపాను. "బతికుండగానే నేను కాదన్న మొహం, చచ్చినాక నేనెట్టా అయిద్ది?" అంది. ఇక ఆ మాటెత్తలేదు.

మర్నాడు మళ్లీ పహాడ్‌గంజ్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని నాకు తెలుసు, అయినా వెంట వెళ్లాను. గలీనా మూటలు కడుతోంది. మా ఆయన లెన్సు ముందు పెట్టగానే ఏమీ అడగలేదు, సంచిలోంచి గీతల లెన్సు తీసి చేతిలో పెట్టింది. "స్పసీబా," అని రష్యన్‌లో థాంక్స్ చెప్పారు ఈయన, తలెత్తకుండా.

ఈసారి పద్ధతిగా చేశారు. ముందు పాలబూత్ బోర్డు మీద, తరవాత నా మీద పరీక్ష చేశారు. రెండు మొహాలూ బుద్ధిగా వచ్చి కలిశాయట. అద్దం మీది గీతల వల్ల వెలుతురు కాస్త మెత్తగా పడింది. ఆ ఫొటోలో నా మొహం మొదటిసారి నేను అనుకునే మొహంలా ఉంది. పైకి అనలేదు. అంటే రోజూ తీస్తారు.

లెన్సు దొరికింది, మొహం లేదు. పళ్లు పోయాక అత్తగారి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పైకొచ్చింది. ఎవరెదుటా నోరు విప్పేది కాదు. మాట్లాడినా కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. కెమెరా చేతిలో కనపడితే లేచి లోపలికెళ్లేది. మా ఆయన కూడా అడగడం మానేశారు. అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు ఆవిడ కళ్లు నుదుటి దగ్గరే ఆగిపోయేవి, కిందికి దిగేవి కావు. నేను చూస్తూ ఉండేదాన్ని.

జనవరిలో బఠాణీ చవకైంది. ఢిల్లీలో ఆ నెల ఏ ఇంటి ముందు చూసినా ఆడవాళ్లు ఎండలో కూర్చుని మటర్ ఒలుస్తూ ఉంటారు. మేమూ పెరట్లో చాప పరుచుకుని, గుట్ట మధ్యలో పోసుకుని కూర్చున్నాం. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి అత్తగారి కొంగు భుజం మీదికి జారింది. ఎవరూ లేరు కదా అని వదిలేసింది. మా ఆయన దూరంగా గోడ పక్కన స్కూటరు తుడుస్తున్నారు.

లేత గింజ ఒకటి చూసి ఆవిడకి ఆశ పుట్టింది. నోట్లో వేసుకుని చిగుళ్లతో నొక్కింది. అది సర్రున జారి, ఎగిరొచ్చి నా ఒళ్లో పడింది. ఇద్దరం దాన్ని చూశాం. నేను గింజ తీసి, ఎంతో మర్యాదగా గిన్నెలో వేశాను. ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నోరంతా తెరిచి, కళ్లు మూసుకుపోయేలా, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. పళ్లు తీసిన తరవాత ఆ నవ్వు అదే మొదలు.

గోడ దగ్గర చిన్న శబ్దమైంది. ఆవిడకి వినపడలేదు. నేను చూశాను. మా ఆయన చేతిలో స్కూటరు గుడ్డ లేదు, కెమెరా ఉంది.

లోపలికొచ్చాక నన్ను పిలిచి, "అద్దం ఉండే కెమెరా అయితే నొక్కినప్పుడు ఆ అద్దం పైకి లేచి, క్షణం సేపు కళ్లకి చీకటే ఉమా. దీంట్లో అలా కాదు. ఆ నవ్వు మొత్తం చూశాను," అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నావీ.

ఫొటో వచ్చింది. ఆవిడకి చూపించే ధైర్యం ఇద్దరికీ లేదు. బీరువాలో పెట్టాం. ఇంట్లో ఆడపిల్ల ఉంటే బీరువాలో ఏం దాగుతుంది? హరిత తీసింది, చూసింది, నేను ఆపేలోపే నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

"నాయనమ్మా, యే తో ఆప్ లగ్ హీ నహీ రహీ!"

నువ్వసలు నువ్వులాగే లేవు అనేసింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, మామూలుగానే వెలుతురుకి తిప్పింది. చింపేస్తుందనుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. ఆవిడ వేలు ఫొటో మీద గడ్డం దగ్గర ఆగింది, బుగ్గ మీదికి వెళ్లింది, మళ్లీ గడ్డం దగ్గరికి వచ్చింది.

"అమ్మ," అంది.

మాకు అర్థం కాలేదు.

"మా అమ్మరా ఈశ్వరా. అచ్చం. మా అమ్మకి చిన్న వయసులోనే పళ్లు పోయినయ్యి. ఇట్టాగే నవ్వేది, కళ్లు మూసుకుని." వేలు ఇంకా గడ్డం దగ్గరే ఉంది. "నువ్వు కడుపులో ఉండగా పోయింది. ఫొటో ఏడుంది ఆ రోజుల్లో? ఎన్నేళ్లయిందో ఆమె మొహం మర్చిపోయి. కళ్లు మూసుకుంటే చీర కనపడుద్ది, గాజుల చెయ్యి కనపడుద్ది. మొహం రాదు. ఎంత పిలిచినా రాదు."

ఏడ్చింది. కొంగు కళ్లకి పెట్టుకుంది, నోటికి కాదు.

మర్నాడే పటం కట్టించమంది. మామగారి పక్కనే మేకు కొట్టించింది. పొద్దున స్నానం చేసి కుంకుమ గిన్నెతో వస్తుంటే నేను అడ్డం వెళ్లాను. "అత్తయ్యా, బతికున్న మనిషి ఫొటోకి బొట్టు పెట్టి దండ వెయ్యకూడదు. అపశకునం."

"బతికున్నదెవరు? అది మా అమ్మ."

"మరి మీ ఫొటో?"

"నాదానికి తొందరేముంది? నన్ను చూసినోళ్లు మీరు ముగ్గురున్నారు. మా అమ్మని చూసినోళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే."

నేను పక్కకి జరిగాను. ఆవిడ బొట్టు పెట్టింది. తరవాత పక్క పటం వైపు తిరిగి, "ఇదిగో జమేదారు గారూ, మీ అత్తొచ్చింది. ఇక ఆ మీసాలు దించండి," అంది.

మార్చి నెలాఖరుకి పళ్ల సెట్టు వచ్చింది. బాగా కుదిరింది, జంతికలు కూడా నమిలేది. అయితే పొద్దున గోడ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని తీసి నీళ్ల గ్లాసులో పెట్టి వెళ్లేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆమెకి లేవు గదమ్మాయ్," అంది. "ఎదురుగా నేను పళ్లేసుకుని నిలబడితే బాగుంటదా?"